ఫ్రిజ్ ఎన్ని లీటర్లు, వదినగారూ?

నిడదవోలు,
సెప్టెంబరు 8.

వదినగారు జ్ఞానమ్మగారికి,

రెబెక్కా వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మాయికి కాళ్ళ వాపు కాస్త తగ్గింది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరం ఏంటని అనుకోకండి. పెళ్ళిలో చేపల పులుసు దగ్గర జరిగింది మీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఉప్పెక్కువైందని నేను అన్నానని మీరు, అనలేదని నేను. ఏడాది దాటినా తేలలేదు. ఇకమీదట మన మధ్య ఏ మాటైనా కాగితం మీద ఉండాలని ఆ రోజు అన్నది మీరే. ఆ మాట నాకు నచ్చింది. హైస్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనదాన్ని, కాగితాన్ని నమ్మినట్టు మనిషిని నమ్మలేను. ఈ ఉత్తరానికి కార్బన్ పెట్టి ఒక నకలు నా దగ్గర ఉంచుకున్నాను.

సారికకి ఏడో నెల వచ్చింది. మొదటి పురుడు పుట్టింట్లో జరగాలని మీ పట్టుదల. లోకంలో ఉన్నదీ అదే, నేను కాదనను. కానీ అమ్మాయికి షుగరు వచ్చి ఇన్సులిన్ వేస్తున్న సంగతి మీకు తెలుసు. వాడుతున్న సీసా బయట ఉన్నా ఫర్వాలేదు గాని, మిగతావి ఫ్రిజ్‌లోనే ఉండాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మీ ముత్యాలలంకలో గాలి కాస్త జోరుగా వీచిందంటే కరెంటు రోజుల తరబడి రాదని మా వాడే అన్నాడు. రాబోయేవి తుఫాను రోజులు.

మా ఆయన రైల్వేలో బోగీల లైట్లూ ఫ్యాన్లూ చూసే పని చేశారు కదా. ఇప్పుడు ఆయనకి సోలార్ జనరేటర్ల పిచ్చి పట్టింది. సూట్‌కేసంత బ్యాటరీ పెట్టె, దానికి మడతపెట్టుకునే సోలార్ పలక. పొగ ఉండదు, చప్పుడు ఉండదు. అలాంటిది ఒకటి మీ ఇంటికి పంపాలని ఆయన ఉద్దేశం. ఎంత పెద్దది కావాలో తేలాలంటే, మీ ఇంట్లో కరెంటుతో నడిచేవి ఏమేమి ఉన్నాయి, ఏది ఎన్ని వాట్లు, రోజుకి ఎన్ని గంటలు వాడతారు, ఇవన్నీ కావాలి. వాట్లు వస్తువు వెనకాల చీటీ మీద ఉంటాయి. ముఖ్యంగా ఫ్రిజ్ ఎన్ని లీటర్లో రాయండి.

ఏదీ వదలొద్దు.

ఇట్లు,
రెబెక్కా


ముత్యాలలంక,
సెప్టెంబరు 13.

వదినగారు రెబెక్కాగారికి,

జ్ఞానమ్మ వందనాలు. మీ ఉత్తరం ఒకసారి కళ్ళజోడు లేకుండా చదివాను, ఒకసారి పెట్టుకుని చదివాను. రెండుసార్లూ అదే ఉంది.

పిల్లనిచ్చినవాళ్ళ ఇంట్లో ఏమేమి వస్తువులున్నాయో, వెనకాల చీటీలతో సహా రాసి పంపమని అడగడం మా వైపు ఎక్కడా వినలేదు. పెళ్ళికి ముందు అడిగినా ఒక అర్థముంది. పెళ్ళిచూపులు భీమవరంలో మా అన్నయ్యగారింట్లో అయ్యాయి, పెళ్ళి చర్చిలో అయ్యింది, మా గడప మీరింతవరకు తొక్కలేదు. లోపల ఏముందో తెలుసుకోవడానికి ఇదొక దారి కాబోలు. అంగన్‌వాడీ టీచరు ఇంట్లో ఏముంటుందిలే అని మీరు అనుకుంటున్నారని నాకు ముందునుంచీ అనుమానమే.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. ముందు గదిలో ఒకటిన్నర టన్నుల ఏసీ. సీలింగు ఫ్యాన్లు నాలుగు. టీవీలు రెండు. గీజరు. వాషింగ్ మెషిను. మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె, నీళ్ళ మోటారు. ఫ్రిజ్ ఎర్రది, సింగిల్ డోరు, పెద్దదే. ఎన్ని గంటలు అంటారా, ఎన్ని గంటలు అవసరమైతే అన్ని గంటలు. మేం గాలిని కొలుచుకుని పీల్చం.

మా చర్చిలో కొత్త పాస్టరుగారు వచ్చారు. పాట మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఆయనకి తెలియదు, క్వయరు పిల్లలు ఊపిరాడక కూర్చుండిపోతున్నారు. పక్కింటి నాగదుర్గ రొయ్యలు తెచ్చిచ్చింది. వాళ్ళది చేపల వ్యాపారం. అల్లుడుగారికి ఇష్టమని పచ్చడి పెట్టాను, ఆదివారం వస్తే ఇచ్చి పంపుతాను. సీసా మూత మీద టేపు వేశాను. దారిలో ఎవరూ తీయలేదని మీకు తెలియాలి కదా.

అక్టోబరు మొదటి వారంలో సారికని తీసుకురావడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈ ఉత్తరానికి నేనూ నకలు ఉంచుకున్నాను. కార్బన్ లేదు, రెండుసార్లు రాశాను.

మీ వదిన,
జ్ఞానమ్మ


నిడదవోలు,
సెప్టెంబరు 19.

వదినగారికి వందనాలు.

పచ్చడి అందింది. టేపు అలాగే ఉంది. బాగుంది అని రాస్తున్నాను. ఈసారి నేనేమన్నానో అని గొడవ రాకూడదు.

మీ ఉత్తరం ముందు పెట్టుకుని మా ఆయన పొద్దున్నుంచి లెక్క కట్టారు. నాకు అర్థమయ్యేలా ఇలా చెప్పారు. వాట్లు అంటే కుళాయి ఎంత జోరుగా వస్తుందన్నది. వాట్ అవర్లు అంటే ట్యాంకులో ఎంత నీరుందన్నది. గీజరూ ఏసీ కలిసి కుళాయిని బార్లా తిప్పేస్తాయి, ట్యాంకు ఎంత పెద్దదైనా గంటలో ఖాళీ. మీరు రాసినవన్నీ నడవాలంటే పెట్టె కాదు, ట్రాక్టరు తొట్టి నిండా బ్యాటరీలు కావాలట. చేత్తో మోసుకెళ్ళే రకంలో అంతటిది ఎక్కడా లేదన్నారు.

ఆ ఏసీ ఏ గదిలో చూశావని మా రమేష్‌బాబుని అడిగాను. వాడు చెప్పులు తొడుక్కుంటూ, "అత్తయ్యగారు రాసిందే రైటమ్మా," అన్నాడు. జంగారెడ్డిగూడెం బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. ఆయిల్ పామ్ మిల్లులో వాడి డ్యూటీ మధ్యాహ్నం నుంచి. ఫ్రిజ్ సంగతి మాత్రం ఫోన్లో ఒప్పుకున్నాడు. ఉంది, ఎర్రదే అన్నాడు. మిగతా వాటి గురించి వాడు ఒక్క ముక్క అనలేదు. నా కడుపున పుట్టినవాడు నా దగ్గర నోరు మెదపడం లేదంటే ఏంటో ఉంది.

సరే. మీ ఇంటికి ఏ పెట్టే సరిపోదని తేలింది. కాబట్టి సారిక ఇక్కడే పురుడు పోసుకుంటుంది. మాకు ఇన్వర్టరు ఉంది, ఆస్పత్రి రెండు వీధుల అవతల ఉంది. మీరే వచ్చి ఉండండి. నేనేమీ అనుకోను.

రెబెక్కా


ముత్యాలలంక,
సెప్టెంబరు 24.

వదినగారికి,

వందనాలు. ఇదన్నమాట సంగతి. ఈ వాట్లూ లీటర్లూ దేనికా అని నేను అనుకుంటూనే ఉన్నాను. ముందు లెక్క అడగడం, తరువాత లెక్క కుదరలేదనడం, ఆ తరువాత పిల్ల మా దగ్గరే అనడం. ఇదంతా మీరు మొదటి ఉత్తరం రాసిన రోజునే అనుకున్నారు. లెక్క కట్టిన మీ జయపాల్ అన్నయ్యగారు మంచివారు, ఆయన్ని నేను అనను.

కూతురి పురుటికి వియ్యపురాలింట్లో మంచమేసుకుని కూర్చున్న తల్లిని మీరెక్కడైనా చూశారా. నేను చూడలేదు. వదినగారూ, నాకు ఉన్నది అదొక్కతే. వాళ్ళ నాన్న పోయాక ఈ ఇంట్లో నా గొంతు నాకే వినిపిస్తోంది. పొద్దుట ఊళ్ళో పిల్లలందరికీ పాటలు చెప్పి, సాయంత్రం వచ్చి తాళం తీసుకుంటాను. నా మనవడో మనవరాలో మొదటి ఏడుపు ఈ ఊరి గాలిలో ఏడవాలని నా కోరిక. నాకు ఇంకే కోరికా లేదు. అది కూడా మీరు వాట్లలో కొలిచి కాదంటే నేను తట్టుకోలేను.

తుఫాను రోజుల్లో ఏసీ ఎవరేసుకుంటారు, తీసేయండి. గీజరు తీసేయండి, నీళ్ళు గ్యాసు మీద కాస్తాను. టీవీలూ మెషినూ మోటారూ ఇస్త్రీపెట్టే అన్నీ కొట్టేయండి. ఒక ఫ్యాను, రెండు బల్బులు, రెండు ఫోన్లు, ఫ్రిజ్. ఇవే. ఫ్రిజ్ చీటీ చూసే రాస్తున్నాను, 260 లీటర్లు, డబుల్ డోరు, మూడు స్టార్లు.

ఇప్పుడు సరిపోతుందేమో అన్నయ్యగారినే చెప్పమనండి. మీరు చెప్పొద్దు.

జ్ఞానమ్మ


నిడదవోలు,
సెప్టెంబరు 30.

వదినగారికి వందనాలు.

పదమూడో తారీకు ఉత్తరంలో సింగిల్ డోరు. ఇరవైనాలుగో తారీకు ఉత్తరంలో డబుల్ డోరు. రెండూ మీ చేతిరాతే, రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఈలోపు ఫ్రిజ్‌కి ఇంకో తలుపు మొలవదు కదా. కొత్తది కొన్నారేమోలే అంటారు మా ఆయన. నేను ఏమీ అనుకోవడం లేదు. అనుకున్నా ఇక్కడ రాయను.

మీరు అడిగినట్టే ఆయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ఫ్రిజ్ అదేపనిగా తిరగదు, చల్లబడ్డాక ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. మొదలయ్యే ఆ క్షణంలో మామూలుగా లాగేదానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. చిన్న పెట్టె అయితే అక్కడే చతికిలపడుతుంది. ఇంకొకటి, సోలార్ అంటారు గాని తుఫాను పట్టిన రోజున ఎండ ఉండదు. పలక పరిచినా పెద్దగా ఒరిగేదేం లేదు. అందుకని పలకని నమ్ముకోకుండా, ఎండ లేకపోయినా రెండు రోజులు గడిచేలా పెట్టె కొనాలన్నారు. సింగిల్ డోరుకైతే చిన్నది చాలేది. మీ రెండో తలుపు కోసం రెండువేల వాట్ అవర్లది కొన్నారు. ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. కరెంటు తక్కువ తినే ఫ్యాను కూడా ఒకటి పెట్టారు. ఇది మనవడి కోసం మేం పెట్టుకున్నది, మీరు మొహమాటపడేది ఏమీ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక రమేష్‌బాబు సారికనీ పెట్టెనీ కారులో తెస్తాడు. పెట్టె మీ ఇంట్లోనే ఉండాలి. ఎవరికీ ఇవ్వొద్దు. పక్కవాళ్ళు ఫోనుకి ఛార్జింగు పెట్టుకుంటామన్నా వద్దనండి, ఒకరికి పెడితే ఊరంతా వస్తుంది.

పిల్లని పంపుతున్నాను. ఇష్టపడి పంపడం లేదు. ఇది కూడా రాతలో ఉండాలి.

రెబెక్కా


ముత్యాలలంక,
అక్టోబరు 12.

వదినగారికి వందనాలు.

సారిక క్షేమం. తింటోంది, నిద్రపోతోంది. ఇన్సులిన్ సీసాలు చల్లగా ఉన్నాయి. పెట్టెని ముందు గదిలో బల్ల మీద పెట్టాను. మా వీధి ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్తున్నారు. వియ్యపురాలు పంపిందని చెప్పాను, మీ పేరు కూడా చెప్పాను.

ఒక్క సంగతి అడగాలి. దాని ముందువైపు నీలం దీపం వెలుగుతూ ఉంటుంది. బ్యాటరీ ఎంత మిగిలిందో అల్లుడుగారు వచ్చినప్పుడల్లా తన ఫోన్లో చూసి చెబుతున్నారు. అంటే మేం ఎంతసేపు ఫ్యాను వేసుకున్నామో, ఎప్పుడు లైటు తీశామో నిడదవోలులో తెలుస్తోందన్నమాట. ఇది పంపింది కరెంటు కోసమా, కాపలా కోసమా? నేను దాని మీద దుప్పటి కప్పాను.

సారిక నవ్వుతోంది. ఆ పిల్లకి మీరూ నేనూ ఇద్దరం నవ్వులాటగానే ఉన్నాం.

జ్ఞానమ్మ


నిడదవోలు,
నవంబరు 3.

వదినగారికి,

వందనాలు. దుప్పటి తీయండి, వేడెక్కుతుంది. ఆ ఫోన్లో కనిపించేది పెట్టె పక్కన నిలబడినప్పుడే, ఇక్కడికి ఏమీ రాదు. ఇది చెప్పడానికి కాదు ఈ ఉత్తరం.

తుఫాను వెళ్ళింది. మీ వైపు స్తంభాలు పడిపోయాయని, ఫోన్లు పనిచేయడం లేదని విన్నప్పటినుంచి నేను అన్నం సరిగ్గా తినలేదు. పిల్లా, కడుపులో బిడ్డా ఎలా ఉన్నారో అని మోకాళ్ళ మీదే ఉన్నాను. రోడ్డు తెరిచిన వెంటనే మా వాణ్ణి పంపాను. తిరిగొచ్చి సారిక బాగుందన్నాడు, దేవునికి స్తోత్రం. ఆ తరువాత నేను గుచ్చి గుచ్చి అడిగితే ఇంకోటి చెప్పాడు.

మన పెట్టె మీ ఇంట్లో లేదట. ఆ నాగదుర్గ ఇంట్లో ఉందట. దాని వైరు వాళ్ళ ఫ్రిజ్‌కి పెట్టి ఉందట. ఇదేంటని సారికని అడిగితే, "అమ్మనే అడగండి," అందట.

ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరికీ ఇవ్వొద్దని రాసి మరీ పంపాను. నా కోడలి మందు కోసం కొన్న పెట్టెని చేపలమ్ముకునేవాళ్ళ చేపలకి పెట్టారా? అద్దెకిచ్చారా, మొహమాటానికిచ్చారా? మీ ఇంట్లో డబుల్ డోరు ఫ్రిజ్ కరెంటు లేనన్నాళ్ళూ ఏం చేసింది? జవాబు రాయండి. జవాబు బట్టి సారికని వెనక్కి తెచ్చుకోవాలో లేదో చూస్తాను.

రెబెక్కా


ముత్యాలలంక,
నవంబరు 7.

వదినగారికి జ్ఞానమ్మ వందనాలు.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.

ఎర్రది ఉంది, మీ అబ్బాయి చూసింది దాన్నే. పోయినేడు వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు దాని అడుగుభాగం మునిగిపోయింది. బాగుచేసేవాడు చూసి పెదవి విరిచాడు. అప్పటినుంచి అందులో చీరలు మడతపెట్టుకుంటున్నాను, ఎలకలు రావు. అల్లుడుగారు చల్లటి నీళ్ళు అడిగినప్పుడల్లా సారిక పెరటి దారిన నాగదుర్గ ఇంటికి పరిగెత్తి తెచ్చేది. ఏసీ లేదు, గీజరు లేదు, మెషిను లేదు. ఫ్యాను ఒకటి. మీరు చిట్టా అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది. మా అన్నయ్యగారింట్లో ఏమేమి ఉన్నాయో గుర్తు తెచ్చుకుని అవన్నీ రాసేశాను. రెండో ఉత్తరంలో రాసింది నాగదుర్గ ఫ్రిజ్ చీటీ. వాళ్ళ వంటింట్లో వంగుని చూసి రాసుకున్నాను.

ఇన్సులిన్ మొదటి రోజునుంచీ వాళ్ళ ఫ్రిజ్‌లోనే ఉంది. మాకూ వాళ్ళకీ మధ్య ఒక్క గోడ. కరెంటు ఉన్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు.

గాలి మొదలైన రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను పెట్టె దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాను, ఎవరికీ ఇవ్వొద్దని మీరు రాసింది నా కళ్ళముందే ఉంది. నాగదుర్గ తడుస్తూ వచ్చింది. తన ఫ్రిజ్‌లో ఉన్న చేపలన్నీ బయటికి తీసేసి ఉప్పులో వేశానంది. తలుపు మాటిమాటికీ తెరిస్తే చల్లదనం పోతుందట, అందుకని ఖాళీ జాగా అంతా నీళ్ళ సీసాలు నింపిందట. "పిల్ల మందు ఒక్కటే ఉంచానండి టీచరుగారు, ఇంక మీ పెట్టె తెచ్చుకుందాం పదండి," అంది. వాళ్ళాయన గంగరాజూ నేనూ ఆ పెట్టెని వానలో టార్పాలిన్ కప్పి మోసుకెళ్ళాం. నా నడుము ఇంకా సరికాలేదు.

అన్నయ్యగారు చెప్పినట్టే ఫ్రిజ్ మొదలైనప్పుడు పెట్టె ఒక్కసారి మూలిగింది, పడిపోలేదు. అదే చిన్న పెట్టె అయ్యుంటే ఏమయ్యేదో. నా అబద్ధం వల్లే పెద్దది కొన్నారు అని నేను గొప్ప చెప్పుకోవడం లేదు. ఎండ వచ్చిన రోజు వాళ్ళ డాబా మీద పలక పరిచాం. కరెంటు వచ్చేదాకా సీసాలు చల్లగానే ఉన్నాయి. భీమవరం వెళ్ళి చూపించాం, షుగరు అదుపులోనే ఉందని, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది.

చేపలకి కాదండి ఆ కరెంటు. ఆ మనిషి తన చేపల్ని తీసి మన పిల్ల మందు పెట్టింది. మీరు నన్ను ఏమన్నా పడతాను. నాగదుర్గని అనకండి.

నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. సారికని తీసుకెళ్ళాలనుకుంటే నేను అడ్డుపడలేను. అడ్డుపడే ముఖం నాకు లేదు. ఈ ఉత్తరానికి నకలు రాసుకోలేదు.

జ్ఞానమ్మ


నిడదవోలు,
నవంబరు 11.

వదినగారికి రెబెక్కా వందనాలు.

మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని మీకు తెలియాలి. ఫ్రిజ్ లేదని మొదటే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు అని రాయబోయి కలం ఆపేశాను. రాసి ఉంటే నేను సారికని పంపేదాన్ని కాదు. అది మీకు తెలుసు. అందుకే రాయలేదు. మీ స్థానంలో నేనుంటే నేనూ రాయను.

మా వాడు ఏసీ లేదని తెలిసి కూడా నాకు చెప్పలేదట. సారిక ఒట్టు వేయించుకుందట. వాడితో మాట్లాడటం మానేశాను. ఆదివారం నుంచి మాట్లాడతాను.

మా ఆయన మళ్ళీ లెక్క కట్టారు. ఇప్పుడు మీ దగ్గర నిజంగా ఉన్నవి రాసుకున్నారు. నాగదుర్గ ఫ్రిజ్ అలాగే ఉంచారు, ఒక ఫ్యాను, రెండు బల్బులు, రెండు ఫోన్లు. బంగాళాఖాతంలో ఇంకో తుఫాను పుడుతోందంటున్నారు. ఇంకేమైనా కలపాలా అని నన్ను అడిగారు. ఒక ఫ్యాను కలపమన్నాను. ఎవరిదన్నారు. నాది అన్నాను.

ఈ నెల ఇరవైన వస్తున్నాను. పురుడు అయ్యేదాకా ఉంటాను. వియ్యపురాలింట్లో అన్ని రోజులు ఉంటే నలుగురూ నవ్వుతారు, నాకు తెలుసు. ఆ నలుగురికీ నేను జవాబు చెప్పుకుంటాను. పిల్ల కాళ్ళు ఎలా ఉన్నాయో ఉత్తరాల్లో చదివి నమ్మడం ఇక నా వల్ల కాదు. మీరు నిజం రాసినా నాకు అనుమానమే, అది నా జబ్బు, దానికి ఇన్సులిన్ లేదు. నాగదుర్గకి ఒక చీర తెస్తున్నాను. ఏ రంగు కడుతుందో చెప్పండి, మీ ఇష్టం మీద నాకు నమ్మకం లేదు, ఆమెనే అడిగి రాయండి.

ఫ్యాను నేనే తెచ్చుకుంటాను.

రెబెక్కా


ముత్యాలలంక,
నవంబరు 15.

వదినగారికి జ్ఞానమ్మ వందనాలు.

ఆకుపచ్చ రంగు అంది. ఆమెనే అడిగాను.

సారికా నేనూ పడుకునే గదిలోనే మీకూ మంచం వేశాను. పడుకోవడానికి ఉన్నది ఆ ఒక్క గదే కాబట్టి. మీ ఫ్యాను పెట్టుకోవడానికి తలవైపు స్టూలు వేయించాను. మీ చీరలు పెట్టుకోవడానికి ఎర్ర ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేశాను. కింద అర నాది, తెరవకండి.

మీరు ఎన్ని రోజులుంటారో, ఎందుకొస్తున్నారో నాకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. వస్తున్నారని తెలిసిన దగ్గరనుంచి ఇల్లు రెండుసార్లు కడిగాను.

ఇరవైన నాగదుర్గ దగ్గర తెచ్చి చేపల పులుసు పెడతాను. ఉప్పు సంగతి ఎదురుగానే చెప్పండి. కాగితం వద్దు.

జ్ఞానమ్మ